విస్తరి ముందు అన్న మాట

"అయితే నేను అబద్ధం రాయించానంటారా మావయ్యగారూ?"

లోహిత్ ఆ మాట అడిగేసరికి ఇడ్లీల పళ్లెంతో వంటింట్లోంచి వస్తున్న మహతి గుమ్మంలోనే ఆగిపోయింది.

సుందరరావు చేతిలోని కాగితాన్ని బల్ల మీద పరిచి, మడతలు అరచేత్తో సరిచేశాడు. మామా అల్లుళ్లిద్దరూ పనిచేసే కాలేజీలో, అకడమిక్ బోర్డు పోయిన సమావేశంలో ఏం జరిగిందో రాసిన మినిట్స్ అవి. జ్వరం వల్ల ఆయన వెళ్లలేకపోయిన సమావేశం.

"అబద్ధం అనలేదు బాబూ. ఇది జరగలేదంటున్నాను."

"రెండిటికీ తేడా ఏముందండీ?"

సుందరరావు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇదిగో, వినండి. ఈ-కామర్స్ డిప్లొమా సిలబస్‌ని కరిక్యులమ్ కమిటీ కన్వీనర్ సుందరరావు పరిశీలించి బాగుందన్నారు, కాబట్టి కమిటీ పరిశీలన పూర్తయినట్టే లెక్క, బోర్డు ఆమోదిస్తోంది. ఇదీ ఇక్కడ రాసింది. కమిటీలో అయిదుగురం ఉన్నాం. ఈ కోర్సు గురించి ఒక్కసారైనా కూర్చున్నామా?"

"కూర్చోలేదు. కానీ మీరు బాగుందన్నారు. ఉగాది నాడు, ఇదే బల్ల దగ్గర. మహతీ, అన్నారా లేదా?"

"నన్నెందుకు మధ్యలోకి లాగుతావు?" అంటూ మహతి పళ్లెం బల్ల మీద పెట్టింది. ఇడ్లీలు ఒకదానిమీదొకటి జారాయి.

అన్న మాట నిజమే. పండగ పూట విస్తరి ముందు కూర్చున్న అల్లుడు, తాను రాసిన సిలబస్ కాగితాలు చేతికందించి ఆశగా మొహంలోకి చూస్తుంటే ఏ మామగారైనా ఇంకేమంటాడు? "బాగుంది బాబూ, చాలా కష్టపడ్డారు" అన్నాడు సుందరరావు. అడగాల్సినవి కమిటీలో అడగొచ్చులే అనుకున్నాడు. అల్లుణ్ణి ఇంట్లో నిలదీయడం ఆయనకి చేతకాదు. లోహిత్ కలిపిన కాఫీ నీళ్లలా ఉన్న రోజున కూడా బాగుందనే గ్లాసు ఖాళీ చేశాడు.

"ఇంట్లో అన్నమాట ఇంట్లోది బాబూ. కమిటీ వేరు."

"మనిషి ఒకడే కదండీ. ఇంట్లో ఒక అభిప్రాయం, కాలేజీలో ఒక అభిప్రాయం ఉంటుందా?"

"ఉండదు. ఇంట్లో నేను అభిప్రాయం చెప్పలేదు. మర్యాద చేశాను."

లోహిత్ నవ్వాడు. సంతోషం లేని నవ్వు. "భలే చెప్పారు. ప్రిన్సిపాల్ అడిగితే నేనేం చెప్పాలి? మా మామగారు బాగుందన్నారు గానీ, అది మర్యాదకి అన్నారు, లెక్కలోకి తీసుకోకండి అని చెప్పాలా?"

"కమిటీకి పంపండి అని చెప్పాల్సింది."

"పంపితే మూడు నెలలు నానబెడతారు! ఊళ్లో ఏం జరుగుతోందో చూస్తున్నారా మావయ్యగారూ? వారానికో కొత్త డాట్‌కామ్ కంపెనీ. తంజోంగ్ పగార్‌లో ఏ ఆఫీసు మెట్లెక్కినా మనుషులు కావాలంటున్నారు. మీ కమిటీ కామాలూ ఫుల్‌స్టాపులూ చూసుకుని లేచేసరికి ఈ బూమ్ కాస్తా అయిపోతుంది."

"అంత తొందరగా అయిపోయేదైతే, రెండేళ్లు చదివి బయటికొచ్చినవాళ్ల గతేమిటి బాబూ?"

జవాబు లేనప్పుడు మనిషి చేతికందిన రాయి విసురుతాడు. లోహిత్ కూడా విసిరాడు.

"అసలు సంగతి చెప్పండి. మీ ఎలక్ట్రికల్ ల్యాబ్ తీసేసి మాకు ఇస్తున్నారనే కదా మీ బాధంతా?"

"లోహిత్!" అంది మహతి.

సుందరరావు మొహం ఎర్రబడింది. ఆయనకి కోపం రావడం మహతి ఎప్పుడో చిన్నప్పుడు చూసింది.

"ల్యాబ్ పోతే పోనివ్వండి. ఇస్తాను. ఆ గదిలో పెట్టే కంప్యూటర్లేవి? జూలైలో క్లాసులన్నారు, ఇంకా ఆర్డరే పెట్టలేదు. ప్రోగ్రామింగ్ ఎవరు చెబుతారు? డేటాబేస్ ఎవరు చెబుతారు? సిలబస్‌లో ఆ పేర్ల ఎదురుగా ఖాళీ ఉంది. మీ స్నేహితులంతా డాట్‌కామ్‌లకి పరిగెడుతుంటే కాలేజీ జీతానికి ఎవరొస్తారు? ఎవరు చెబుతారు, ఎక్కడ చెబుతారు, దేంతో చెబుతారు? కమిటీ అడిగేది ఆ మూడే. వాటికి జవాబు లేకుండా నా పేరు పెట్టి గేటు తీయించారు. సోమవారం బోర్డు ఈ మినిట్స్‌ని ఖాయం చేస్తుంది. ఈలోగా సవరించమని అడిగే హక్కు నాకుంది. అడుగుతాను."

లోహిత్ లేచాడు. పళ్లెంలో ఇడ్లీ ముట్టుకోలేదు. బయటికి వెళ్లి చెప్పులేసుకున్నాడు.

తలుపు మాత్రం విసిరికొట్టలేదు. చప్పుడు కాకుండా దగ్గరికి లాగి వెళ్లాడు. అంత కోపంలోనూ మిగిలిన ఆ కాస్త మర్యాద చూసి సుందరరావుకి ఇంకా బాధేసింది.

* * *

సాయంత్రం ఫ్లాట్ల బ్లాకు కింద కాఫీ షాపులో, ఏళ్లుగా తెలిసిన నూకాలమ్మ చెయ్యూపి పిలిచింది. ముత్తాత విశాఖపట్నం నుంచి ఓడెక్కి ఈ దేశానికి వచ్చినా ఆమె తెలుగులో ఆ వైపు యాస అలాగే నిలిచిపోయింది. మధ్యలో తమిళం, మలయ్ మాటలు మాత్రం చేరాయి.

"రా అన్నా. మకాన్ అయిందా? తిన్నావా?"

"టేబుల్ చోప్ చేసి పెట్టా అంకుల్, కూర్చోండి" అన్నాడు ఆమె కొడుకు కమల్, బల్ల తమదని గుర్తుగా పెట్టిన టిష్యూ ప్యాకెట్ తీసి జేబులో వేసుకుంటూ.

కమల్ షిప్‌యార్డులో ఎలక్ట్రీషియన్. ఇక్కడ పుట్టినవాళ్లందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తాడు. ఇద్దరు పిల్లల తండ్రి. సుందరరావు సాయంత్రం క్లాసులో చదువుకునే ఆ లైసెన్సు తెచ్చుకున్నాడు. కాఫీ కొట్టు ముసలాయన అడక్కుండానే సుందరరావు ముందు చక్కెర తగ్గించిన కాఫీ పెట్టి వెళ్లాడు. పొద్దున్నుంచి తనకి అనుకూలంగా జరిగింది ఇదొక్కటే అనిపించింది ఆయనకి.

"మీకో గుడ్ న్యూస్ అంకుల్. మీ కాలేజీలో చేరుతున్నా. ఈ-కామర్స్ డిప్లొమా."

సుందరరావు కప్పు కింద పెట్టేశాడు.

"ఓపెన్ డేకి వెళ్లా. ముందు డౌటే. ఈ కోర్సు ఎవరు చెక్ చేశారు అని అడిగా. సుందరరావు సార్ స్వయంగా చూశారు అన్నారు. ఇంకేం ఆలోచన లా అంకుల్? అక్కడే సంతకం పెట్టేశా. ఫుల్‌టైమ్ కదా, మంగళవారం షిప్‌యార్డులో రాజీనామా ఇచ్చేస్తా."

"ఎవరన్నారు ఆ మాట?"

"కౌంటర్లో అమ్మాయి. అందరికీ అదే చెప్తోంది."

అందరికీ. సుందరరావు చెవుల్లో ఆ మాట గింగురుమంది. తాను ఒక పండగ పూట అల్లుడి మొహం చూసి అన్న ముక్క, బల్ల దాటి, ప్రిన్సిపాల్ గది దాటి, కౌంటర్లో నిలబడి మనుషుల్ని లోపలికి పిలుస్తోంది. దొంగతనం అంటే చొక్కా జేబులో చెయ్యి పెట్టడం ఒక్కటే కాదు.

"కమల్, ఆ రాజీనామా కొంచెం ఆపు."

"ఎందుకు అంకుల్?"

నోటిదాకా వచ్చింది. మింగాడు. బోర్డు ముందున్న విషయం బయట మాట్లాడకూడదన్నది నియమం. నియమం తప్పారని మండిపడుతున్నవాడు తానే నియమం తప్పితే సోమవారం ఏ మొహంతో మాట్లాడతాడు?

"సోమవారం సాయంత్రం నేనే మీ ఇంటికొస్తాను. అంతవరకూ ఇవ్వకు."

నూకాలమ్మ ఆయన మొహాన్ని పరీక్షగా చూసింది. "ఏటన్నా అలగంటావు? మావోడు నాలుగు ముక్కలు సదూకుంటే నీకేటి అడ్డం? నీ అల్లుడు టై కట్టుకుని కంప్యూటర్ ముందు కూకోవచ్చు. నా కొడుకు జీవితాంతం ఓడ కడుపులో దూరి వైర్లు లాగాలేటి?"

"అమ్మా, ఊరుకో లా."

"ఊరుకోను. పిలకాయలప్పటి నుంచి ఈడికి మంచి సెప్పినోడు, ఇప్పుడు ఆపమంటాడేటి?"

సుందరరావు తల వంచుకున్నాడు. ఆమె మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. తప్పు ఇంకెక్కడో ఉంది, అది చెప్పడానికి ఆయనకి సోమవారం దాకా నోరు లేదు.

కమల్ నవ్వడం మానేశాడు. "అంకుల్, ఒక్కటి చెప్పండి. కోర్సు మీరు చూశారు కదా?"

సుందరరావు చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగి లేచాడు.

* * *

ఆదివారం మధ్యాహ్నం మహతి వెదురు గడకి బట్టలు ఎక్కిస్తోంది. కిటికీ బయట ఉన్న గొట్టంలో గడ దూర్చాలంటే రెండో మనిషి ఉంటే సుఖం. సుందరరావు వెళ్లి అటు చివర పట్టుకున్నాడు. మొదటి గడ ఇద్దరూ కలిసి ఆరేశారు.

"నాన్నా, నువ్వేం చెయ్యక్కర్లేదు" అంది మహతి రెండో గడ అందుకుంటూ. "మినిట్స్‌లో సవరణలున్నాయా అని వాళ్లు అడుగుతారు. నువ్వు ఊరుకుంటే చాలు. అంతే. ఊరుకోవడం నీకు కొత్తా?"

"ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అమ్మా అక్కడ."

"అతను ప్రొబేషన్‌లో ఉన్నాడు. ఈ డిప్లొమా నడపడానికే తీసుకున్నారు. ఇది ఆగితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు ఇక్కడ ఉండనిచ్చే పాసూ పోతుంది. మేం హైదరాబాద్ వెళ్లిపోవాలి. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే అంటున్నావా?"

ఆయన భార్య తారాదేవి పోయాక ఈ ఫ్లాట్‌లో మాట వినపడిందంటే వీళ్లిద్దరూ వచ్చాకే. అంతకుముందు ఒక్కడే ఈ గడలు దూర్చేవాడు, సగం బట్టలు కింద అంతస్తువాళ్ల కిటికీలో పడేవి. ఆ కింద ఇంటి మలయ్ ఆవిడ ఏమీ అనకుండా వాటిని మడతపెట్టి తెచ్చిచ్చేది. ఆ రోజులు మళ్లీ వస్తాయని తెలిసే అంటున్నాడు.

"ఒక్క మాట చెప్పు నాన్నా. వాళ్లెవరో కోర్సులో చేరేవాళ్లు నీకు ఎక్కువా, మేం ఎక్కువా?"

"అలా అడక్కు మహతీ."

"ఎలా అడగాలి? అమ్మ ఉంటే నిన్ను ఇలా చెయ్యనిచ్చేదా?"

"అమ్మ ఉంటే," అని ఆగాడు సుందరరావు. "అమ్మ ఉంటే, ఆ కాగితాలు చదవకుండా బాగుందన్నందుకు ఉగాది నాడే నన్ను తిట్టేది."

మహతి కళ్లు తుడుచుకుంది. కోపమో దుఃఖమో ఆమెకే తెలియదు. "అయితే నీ తప్పే కదా? నీ మాట వల్లే కదా ఇదంతా? నీ తప్పుకి అతన్నెందుకు బలి చేస్తావు?"

"నా తప్పు నేను బోర్డులో నా నోటితో చెబుతాను. కానీ అతను కూడా, తెలిసి..." అంటూ మళ్లీ ఆగిపోయాడు.

"ఏం తెలిసి?"

కూతురి ముందు ఆమె మొగుడి గురించి అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనడానికి ఆయనకి నోరు రాలేదు. చివరి గడ గొట్టంలో దూర్చి, తడి చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

* * *

సోమవారం మామా అల్లుళ్లు ఒకే బస్సులో కాలేజీ ఉన్న జురాంగ్ వెస్ట్‌కి వెళ్లారు. ఒకే సీటులో కూర్చున్నారు. బస్సు దిగేసరికి వాన కుండపోతగా ఉంది. లోహిత్ గొడుగు విప్పి, మామగారి నెత్తిన పట్టాడు. కాలేజీ గుమ్మం చేరేసరికి అతని ఎడమ భుజం పూర్తిగా తడిసిపోయింది.

"మీరూ గొడుగులోకి రండి బాబూ" అన్నాడు సుందరరావు.

"పర్లేదండీ" అన్నాడు లోహిత్. రెండు రోజుల్లో ఇద్దరి మధ్య నడిచిన సంభాషణ అదే.

బోర్డు గదిలో ప్రిన్సిపాల్ డాక్టర్ ఓంగ్ చిరునవ్వుతో కూర్చున్నాడు. మాటలన్నీ ఇంగ్లీషులో సాగుతున్నాయి. "పోయిన సమావేశపు మినిట్స్. సవరణలు ఏమీ లేవనుకుంటాను" అంటూ ఆయన పేజీ తిప్పబోయాడు.

సుందరరావు చెయ్యెత్తాడు. ఎదురుగా కూర్చున్న లోహిత్ కాగితాల మీంచి తలెత్తాడు.

"ఒక సవరణ ఉంది. ఈ-కామర్స్ సిలబస్‌ని నేను పరిశీలించలేదు. కమిటీ చూడలేదు. ఆ వాక్యం తీసేయాలి."

ప్రిన్సిపాల్ తిప్పబోయిన పేజీని మళ్లీ పరిచాడు.

"మిస్టర్ రావ్," అన్నాడు నెమ్మదిగా, "మీరు బాగుందన్నారా, అనలేదా?"

"అన్నాను."

"ఎక్కడ?"

"మా ఇంట్లో. పండగ భోజనం దగ్గర."

ఎవరో నవ్వారు. లైబ్రరీ చూసుకునే మిసెస్ ఫెర్నాండెజ్ మాత్రం నవ్వలేదు. "కరిక్యులమ్ కమిటీలో నేనూ ఉన్నాను. నన్నెవరూ ఆ భోజనానికి పిలవలేదే?" అంది పుల్లవిరుపుగా.

"అన్నప్పుడు మరి అర్థమేమిటి?" ప్రిన్సిపాల్ గొంతులో చిరాకు చేరింది. "ఒక సీనియర్ అధ్యాపకుడు బాగుందంటే మేం నమ్మకూడదా?"

"నమ్మకూడదు" అన్నాడు సుందరరావు. గొంతు పెరగడం ఆయనకే వింతగా ఉంది. "నా మాట కాదు, ఎవరి మాటా నమ్మకూడదనే ఈ కమిటీ పెట్టుకున్నాం. మా వాళ్లలో అల్లుడికి భోజనం దగ్గర ఎవరూ తప్పులు చెప్పరు. నేనూ చెప్పలేదు. చదవకుండా బాగుందనడం నా తప్పు, రాసుకోండి. కానీ దాన్ని తీసుకెళ్లి కౌంటర్లో పెట్టి, సుందరరావు చూశాడు రండి రండి అని పిలుస్తున్నారు. ఉన్న ఉద్యోగాలు మానుకుని వస్తున్నారండీ జనం! పాఠం చెప్పే మనిషి లేడు. కంప్యూటర్లు లేవు. వాళ్ల మొహాలు జూలైలో మీరు చూస్తారా, నేను చూడాలా?"

డాక్టర్ ఓంగ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చిరునవ్వు ఇప్పుడు లేదు.

"సీట్లు నిండిపోయాయి. ప్రకటనలు వెళ్లిపోయాయి. ఒక్క మనిషి వచ్చి నేను అనలేదంటే, కాదు అన్నాను గానీ అనలేదంటే, మినిట్స్ మారవు. అక్కడున్న ఇంకొకరు కూడా మీ మాట బలపరిస్తేనే సవరణ. ఆ భోజనం దగ్గర ఉన్న బోర్డు సభ్యులు ఇంకెవరు?"

ఆయనకి తెలియక కాదు. అడిగి, లోహిత్ వైపు తిరిగాడు. "మిస్టర్ లోహిత్. మీ మామగారు ఆ సిలబస్‌ని పరిశీలించారా? అవునా, కాదా?"

అవును అంటే చాలు. ఉద్యోగం నిలుస్తుంది, పాస్ నిలుస్తుంది, మహతి ఇక్కడే ఉంటుంది. ఆ ఒక్క మాట అల్లుడి నోటి నుంచి ఎంత తేలిగ్గా వస్తుందో సుందరరావు ముందే ఊహించుకున్నాడు. వచ్చినా తప్పుపట్టకూడదని బస్సులోనే అనుకున్నాడు.

లోహిత్ లేచి నిలబడ్డాడు. తడిసిన చొక్కా భుజానికి అంటుకుపోయి ఉంది. ప్రిన్సిపాల్‌ని చూడలేదు.

"మావయ్యగారూ" అన్నాడు.

ఆ గదిలో తెలుగు మాట వినపడటం అదే మొదలు. తలలన్నీ అటు తిరిగాయి.

"ఆ రోజు మీరు మొదటి పేజీ దాటలేదు. కాగితాలు పక్కన పెట్టేసి నాకు నెయ్యి వెయ్యమని మహతికి చెప్పారు. నేను చూశానండీ. మీరు చదవలేదని నాకు తెలుసు. తెలిసే ప్రిన్సిపాల్‌గారికి ఆ మాట చెప్పాను."

సుందరరావు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

"ఇంగ్లీషులో, దయచేసి" అన్నాడు డాక్టర్ ఓంగ్. "మినిట్స్‌లో రాయాలి కదా."

మినిట్స్ రాసే అమ్మాయి పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. మిసెస్ ఫెర్నాండెజ్ సుందరరావు వైపు చూసింది. అతనేమన్నాడో చెప్పమని ఆ చూపు.

ఆ గదిలో ఆ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చగలిగింది ఒక్క సుందరరావే. ఒక్క వాక్యం చెబితే సవరణ గెలుస్తుంది. కమల్ ఉన్న ఉద్యోగం పోగొట్టుకోకుండా నిలబడతాడు. తన పేరు తన దగ్గరికి తిరిగొస్తుంది.

ఆయన నోరు విప్పలేదు. అది లోహిత్ చెప్పాల్సిన మాట.

"మిస్టర్ లోహిత్," ప్రిన్సిపాల్ రెండోసారి అడిగాడు, ఈసారి కాస్త మెత్తగా. "అవునా, కాదా?"

లోహిత్ ఇంకా మామగారినే చూస్తున్నాడు.